ఆ 'టక్' ఎక్కడిది?

ఉప్పల్ గుంతల్లో పుట్టి నాచారం షెడ్లలో తేలే స్టీరింగ్, సస్పెన్షన్ చప్పుళ్ల కథ

"సౌండ్ వస్తోంది" అన్నాడు ఆయన, కారు దిగుతూనే.

"ఎసొంటి సౌండ్ సార్?"

"ముందు నుంచి. వేరే చోట చూపించాను. స్టీరింగ్ రాక్ పోయిందన్నారు. ముప్పై వేల పైనే అవుతుందట."

నాచారం పారిశ్రామికవాడ వెనక వీధిలో రేకుల షెడ్డు అది. వాన వెలిసి గంట కూడా కాలేదు. ఉస్తాద్ చేతికంటిన గ్రీజును పేలికకు తుడుచుకుంటూ కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. బానెట్ ఎత్తలేదు. జాకీ తెమ్మనలేదు. ప్రశ్నలు మొదలుపెట్టాడు.

"రెండు చక్రాలు కలిసి స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు వస్తదా, ఒక్క చక్రం గుంతల పడ్డప్పుడు వస్తదా?"

"గమనించలేదు."

"బండి నిలవెట్టి స్టీరింగ్ తిప్పితే?"

"అదీ చూళ్లేదు."

"బ్రేక్ మీద కాలు ఆనిస్తే బందైతదా?"

కారాయన నవ్వేశాడు. ఏళ్ల తరబడి అదే కారు నడుపుతున్నాడు, అదే చప్పుడు వింటున్నాడు, ఇన్ని ప్రశ్నలుంటాయని ఎప్పుడూ అనుకోలేదు.

"రాండ్రి, ఒక చక్కర్ కొట్టొద్దాం. మీరే నడుపుండ్రి. నేను వింట."

అద్దాలు దించారు. ఏసీ, పాటలు బందు. గల్లీ చివర స్పీడ్ బ్రేకర్‌ను నిదానంగా, సూటిగా ఎక్కించారు. ఏమీ లేదు. మలుపు దాటాక ఎడమ చక్రాన్ని మాత్రం పైకి లేచిన మ్యాన్‌హోల్ మూత మీదుగా పోనిచ్చారు. టక్. వెనక్కి తీసుకొచ్చి మళ్లీ. టక్. షెడ్డుకు తిరిగొచ్చాక పని నేర్చుకుంటున్న కుర్రాడు కారు కిందికి దూరి, చక్రం వెనక మూరెడు పొడవు కూడా లేని సన్నటి కడ్డీని పట్టుకుని ఊపాడు. లొటలొటలాడింది. దాని పేరు లింక్ రాడ్. వందల రూపాయల్లో పోయే సామాను. స్టీరింగ్ రాక్ నిక్షేపంగా ఉంది.

ఈ వానల్లో ఉప్పల్, రామంతాపూర్, హబ్సిగూడ, నాచారం వైపు ఎవరిని కదిపినా రెండే ముచ్చట్లు. ఒకటి రోడ్డు, రెండోది బండి చప్పుడు. రోడ్డు సంగతి అందరికీ తెలుసు. చప్పుడు సంగతే తెలియదు. తెలియనితనానికి బిల్లు కూడా మనమే కడుతున్నాం. చెడిపోయిన సామాను మార్చినందుకు పోయే డబ్బు సరే, అనుమానంతో తీసి పారేసిన మంచి సామానుకు పోయే డబ్బు మాటేమిటి? అదేమీ తక్కువ కాదని నా అనుమానం.

ఉప్పల్ దారి పెట్టే పరీక్ష

హైదరాబాద్ నుంచి వరంగల్ వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి ఉప్పల్ చౌరస్తా మీదుగానే సాగుతుంది. యాదగిరిగుట్టకు మొక్కు తీర్చుకోబోయే కుటుంబాల కార్లు, వరంగల్ బస్సులు, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కే లారీలు అన్నీ ఇటే. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్లకు పైగా ఎలివేటెడ్ కారిడార్ కట్టాలని 2018లో పనులు మొదలుపెట్టారు. 2020 కల్లా అయిపోవాలి. కాలేదు. 2023 మార్చిలో, ఇంకెన్నేళ్లు కడతారని నిలదీస్తూ ఆ స్తంభాల మీదే పోస్టర్లు వెలిశాయి. స్తంభాలు లేచిన ఆ ఏళ్లన్నిటా కింద మిగిలిన దారి ఇరుకైంది, అతుకులు పడింది, వానొస్తే మడుగైంది, ఎండొస్తే దుమ్మైంది. బోడుప్పల్, పీర్జాదిగూడ, మేడిపల్లి జనానికి మాత్రం పొద్దునా సాయంత్రం అదే దారి.

నాచారం, మల్లాపూర్‌ల తీరు వేరు. అక్కడ ఫ్యాక్టరీలకు సరుకు తెచ్చే లారీల బరువుకు రోడ్డు అంచులు కుంగుతాయి. తారు, కాంక్రీటు కలిసే చోట నాలుగు వేళ్ల ఎత్తున గట్టు లేస్తుంది. పైపుల కోసం తవ్వి పూడ్చిన చారలు సరేసరి. పెద్ద గుంత కనిపిస్తే ఎవరైనా బ్రేక్ కొడతారు. ఈ చిన్న గట్లను ఎవరూ లెక్కచేయరు. నలభై వేగంతో పోతారు. బండి కీళ్లను రోజుకింత తినేసేవి ఇవే.

నీళ్లు ఇంకో రకం. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన వానకు నాగోల్, రామంతాపూర్, ఉప్పల్ చెరువుల దిగువ కాలనీలు మునిగాయి. మోకాళ్ల లోతు బురదనీటిలో నిలబడిపోయిన కార్లలో ఇంజన్, కార్పెట్లు, వైరింగ్ గురించే అందరూ కంగారుపడ్డారు. చక్రాల బేరింగుల్లోకి, స్టీరింగ్ రాక్ రెండు చివరలా ఉండే రబ్బరు తొడుగుల్లోకి చేరిన సన్నటి ఒండ్రు వెంటనే అరవదు. తుప్పు పట్టడానికి కొన్ని నెలలు తీసుకుంటుంది. ఆ తర్వాత కీచుమన్నప్పుడు వరద సంగతి ఎవరికి గుర్తుంటుంది?

చెవి మోసపోయే చోటు

"కుడి దిక్కు నుంచి వస్తుంది" అని కారాయన ఖాయంగా చెబుతాడు. మంచి ఉస్తాద్ ఆ మాట వింటాడు గానీ నమ్మడు. కారు ఒళ్లంతా ఒకే ఇనుప డబ్బా. ఎడమ చక్రం దగ్గర పుట్టిన దెబ్బ రేకుల వెంట పాకి కుడి డాష్‌బోర్డు కింద వినిపించవచ్చు. డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు కాబట్టి తన కాళ్ల దగ్గర మోగేదే ముందు చెవిన పడుతుంది.

హబ్సిగూడలో, ఉప్పల్ రోడ్డు మీదే, జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఉంది. 1961లో మొదలైన ఆ సంస్థ పనుల్లో భూమి లోపలి కదలికలు వినడం ఒకటి. భూకంపం ఎక్కడ పుట్టిందో తేల్చాలంటే ఒక్క కేంద్రంలో నమోదైతే చాలదు, కనీసం మూడు కావాలి. అక్కడికి కాస్త దూరంలోని షెడ్డులో ఉస్తాద్ చేసేదీ దాదాపు అదే. ఒక మనిషి కారులో కూర్చుని వింటాడు. ఇంకొకడు పక్కన నడుస్తూ వింటాడు. మూడోవాడు, బండి ఆగి ఉన్నప్పుడు, ఒక్కో కీలు మీద చెయ్యి వేసి చూస్తాడు. చెవికి దొరకని దెబ్బ అరచేతికి దొరుకుతుంది. కొందరు పొడవాటి స్క్రూడ్రైవర్ మొన అనుమానం ఉన్న చోట ఆనించి, పిడి చెవికి ఆనించుకుంటారు. ఇప్పుడు నాలుగైదు మైకులు వేర్వేరు కీళ్లకు తగిలించి, హెడ్‌ఫోన్‌లో ఒక్కోటీ మార్చి మార్చి వినే పరికరాలు కూడా వచ్చాయి. పెద్ద వర్క్‌షాపుల్లో ఉంటాయి. రేకుల షెడ్లలో మాత్రం స్క్రూడ్రైవరే.

"ఎప్పుడొస్తది?"

అన్నిటికన్నా ముందు డిక్కీ ఖాళీ చేయాలి. నవ్వకండి. కొత్త కారు కొని యాదగిరిగుట్టలో పూజ చేయించుకొచ్చిన కుటుంబం, "కొత్త బండే, అప్పుడే వెనక సస్పెన్షన్ పోయింది" అని షెడ్డు మీదికి రావడం, స్టెప్నీ గుంటలో కొబ్బరికాయ దొరకడం ఈ దారిలో షెడ్డు నడిపేవారికి కొత్తేమీ కాదు. జాకీ, వీల్ పానా, సీటు కింద నీళ్ల సీసా, డాష్‌బోర్డు అరలో చిల్లర. ఇవన్నీ తీసేశాక కూడా చప్పుడు మిగిలితే అప్పుడు బండిది.

తర్వాత పైసా ఖర్చు లేని పరీక్ష. గతుకుల మీద నిదానంగా పోతూ బ్రేక్ పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనించాలి. చప్పుడు ఠక్కున ఆగిపోతే, అది సస్పెన్షన్ కాదు. బ్రేక్ ప్యాడ్లో, వాటిని పట్టుకునే కాలిపర్ పిన్నులో వదులై కొట్టుకుంటున్నాయి.

ఆగకపోతే ఉస్తాద్ మొదట అడిగిన ప్రశ్న. ముందు రెండు చక్రాలనూ కలిపే స్టెబిలైజర్ బార్ అని ఒక వంపు కడ్డీ ఉంటుంది. మలుపుల్లో కారు ఒక పక్కకు వాలిపోకుండా ఆపడం దాని పని. రెండు చక్రాలూ కలిసి లేస్తే దానికి పనే లేదు. ఒకటి లేచి ఒకటి లేవనప్పుడే అది మెలితిరుగుతుంది, దాని రెండు చివర్లలో ఉండే లింక్ రాడ్ల మీద బరువు పడుతుంది. కాబట్టి స్పీడ్ బ్రేకర్ మీద మౌనంగా ఉండి, ఒంటి చక్రం గుంతలో టక్‌మంటే, ముందు లింక్ రాడ్లను, ఆ బార్‌ను చట్రానికి బిగించే బుష్‌లను అనుమానించాలి. రూఢి చేసుకోవడానికి రెండు లింకులూ విప్పేసి నిదానంగా గల్లీలో ఒక చుట్టు తిరిగి వస్తారు. చప్పుడు మాయమైతే దొంగ దొరికినట్టే. ఇంత చవకైన సామాను మీద అనుమానం చివరికి పోవడం, ముప్పై వేల సామాను మీదికి మొదటే పోవడం నాకు ఎప్పటికీ అర్థం కాని విషయం. బహుశా అర్థమయ్యే విషయమేనేమో.

బండి ఆగి ఉండగా స్టీరింగ్ తిప్పితే 'టంగ్' మని స్ప్రింగ్ విదిలించినట్టు మోగితే అది స్ప్రింగూ షాకబ్జరూ కలిసి ఉండే స్ట్రట్ పైభాగంలోని మౌంటింగ్, అందులోని బేరింగ్. అది బిగుసుకుపోయి చక్రంతో పాటు తిరగనంటుంది. స్ప్రింగ్ మెలిపడి, మెలిపడి, ఒక్కసారిగా జారుతుంది. ఒకరు స్టీరింగ్ తిప్పుతుంటే ఇంకొకరు స్ప్రింగ్ మీద చేయి ఆనిస్తే ఆ విదిలింపు చేతికి తెలుస్తుంది. వేళ్లు స్ప్రింగ్ చుట్టల మధ్య పెట్టకూడదు, అంతే.

మెట్రో పిల్లర్ల కింద యూటర్న్ కొడుతూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు 'టకటకటక' అని లెక్కపెట్టగలిగేలా మోగితే, సీవీ జాయింట్. చక్రాన్ని ఇంజన్ శక్తితో తిప్పే ఇరుసు చివరి కీలు అది. కిందికి వంగి చూడండి. రబ్బరు తొడుగు చిరిగి, చక్రం లోపలి రింగుకు గ్రీజు చిమ్మి ఉంటుంది. ఆ తొడుగు చిరిగిన నాడే చూసి ఉంటే తొడుగు ఒక్కటే మార్చేవారు.

వేగంతో పాటు పెరిగే 'గుయ్' శబ్దం ఇంకో తంటా. అది బేరింగైనా కావచ్చు, అడ్డదిడ్డంగా అరిగిన టైరైనా కావచ్చు. తేడా పట్టడానికి ఖాళీ రోడ్డు కావాలి. కారును కొద్దిగా కుడికి మలిపితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే ఎడమ బేరింగ్. అటు మలిపినా ఇటు మలిపినా మారకుండా, తారు నుంచి కాంక్రీటు మీదికి రాగానే గొంతు మారితే టైరు. ముందు టైర్లు వెనక్కి వేసి చూస్తే మోత కూడా వెనక్కి పోతుంది.

పొద్దున్నే బండి కదిలించగానే పాత మంచంలా కిర్రుమని, పది నిమిషాలకు తగ్గేది రబ్బరు బుష్. ఒక్కో బుష్ మీద కాసిని నీళ్లు చల్లి, బండిని నొక్కి చూస్తారు. ఏది తడిస్తే కిర్రు ఆగిందో అదే. నీళ్లు ఆరాక మళ్లీ మొదలవుతుంది కాబట్టి ఇది పరీక్షే తప్ప వైద్యం కాదు. కొందరు నీళ్లకు బదులు ఇంజన్ ఆయిలో గ్రీజో పూసి "అయిపోయింది సార్" అంటారు. వారం హాయిగా ఉంటుంది. మామూలు రబ్బరుకు ఇంజన్ ఆయిల్ విషం. ఉబ్బి, మెత్తబడి, తొందరగా చిరిగిపోతుంది.

▣ ఏది ఆగొచ్చు, ఏది ఆగకూడదు

లింక్ రాడ్ టక్, బుష్ కిర్రు, స్ట్రట్ మౌంటింగ్ మోత: చిరాకు పెడతాయి. జీతం వచ్చేదాకా ఆగొచ్చు.

బేరింగ్ గుయ్: ఊరి ప్రయాణం పెట్టుకోకుండా ఈ వారంలోనే చూపించాలి. సీవీ జాయింట్ టకటక కూడా అంతే.

చప్పుడుతో పాటు స్టీరింగ్‌లో ఆట వచ్చినా, బండి తనంతట తాను ఒక పక్కకు లాగినా, బ్రేక్ కొట్టినప్పుడు ముందు భాగం దిశ మారినట్టనిపించినా: చక్రాన్ని మలిపే టై రాడ్, దాన్ని పట్టి ఉంచే బాల్ జాయింట్, లోయర్ ఆర్మ్‌లలో ఏదో తప్పుతోంది. షెడ్డుకు నడుపుకుంటూ కూడా పోవద్దు. మెకానిక్‌నే పిలవండి. రోడ్డు పక్కన ముందు చక్రం బయటికి విరుచుకుపడి కూలబడిన కారు ఎప్పుడైనా కనిపిస్తే, అది చాలాసార్లు బాల్ జాయింట్ ఊడిన బండే.

కింద పడుకున్నవాడికి తెలిసేది

బయట విన్నదాన్ని కింద రుజువు చేయాలి. చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపుతారు. ఆట తగిలితే బేరింగో బాల్ జాయింటో. ఏదో తేలాలంటే ఇంకొకరు బ్రేక్ తొక్కి పట్టాలి. ఆట పోతే బేరింగ్, పోకపోతే బాల్ జాయింట్. కుడీ ఎడమా పట్టుకుని ఊపినప్పుడు ఆట తగిలితే టై రాడ్ ఎండ్, లేదా రాక్ లోపలి కడ్డీ. లోయర్ ఆర్మ్ బుష్‌లను టామీ రాడ్‌తో ఎగదోసి చూస్తారు. పైకి నలుపు నిగనిగలాడే రబ్బరు వెనక సగం దాకా చీలిక ఉండవచ్చు.

ఇంకో పరీక్షలో బండి నేల మీదే, నాలుగు చక్రాల మీదే ఉంటుంది. ఇంజన్ స్టార్ట్ చేసి ఒకరు స్టీరింగ్‌ను బెత్తెడు ఇటు, బెత్తెడు అటు గబగబా ఆడిస్తారు. కింద ఉన్నవాడు చక్రం నుంచి మొదలుపెట్టి స్టీరింగ్ దాకా ఒక్కో కీలునూ తాకుతూ పోతాడు. టై రాడ్, రాక్, కాలమ్ అడుగున మడత జాయింటు. ఆ మడత జాయింటు అరిగినా చేతికి 'కట్ కట్' మని తగులుతుంది, దాన్ని చూడకుండానే రాక్ మార్చేసే వాళ్లున్నారు. ఎలక్ట్రిక్ పవర్ స్టీరింగ్ ఉన్న చాలా చిన్న కార్లలో మోటారు, దాని పళ్ల చక్రం కాలమ్‌కే ఉంటాయి. అక్కడి వదులు కూడా రాక్ ఖాతాలోనే పడుతుంది. ఇవన్నీ దాటాక వచ్చే ఆఖరి అనుమానితుడు రాక్.

బిగించడంలోనూ ఒక మర్మం ఉంది. రబ్బరు బుష్ ఉన్న ఆర్మ్ బోల్టును, చక్రాలు గాల్లో వేలాడుతుండగా పూర్తిగా బిగించకూడదు. అలా బిగిస్తే, బండి నేలకు దించిన క్షణం నుంచే ఆ రబ్బరు మెలితిరిగి ఉంటుంది. ప్రతి గుంతకూ ఇంకాస్త మెలిపడుతుంది. కొత్త బుష్ కొన్నాళ్లకే చిరుగుతుంది, నింద సామాను మీద పడుతుంది. బోల్టు వదులుగా పెట్టి, బండి దించి, బరువు చక్రాల మీద పడ్డాక చివరి బిగింపు ఇవ్వాలి. "ఉస్తాద్ మొదట్ల ఈ ముచ్చట చెప్పలే, నేనే చూసి నేర్చుకున్న" అని మల్లాపూర్ వైపు సొంతంగా షెడ్డు పెట్టుకున్న ఒక కుర్రాడు గర్వంగా అన్నాడు. అడిగితే చెప్పే విద్య కాదిది. పానాలు అందిస్తూ, తిట్లు తింటూ, కింద పడుకున్న పెద్దవాడి చేతుల వంక చూస్తూ దొరకబుచ్చుకోవాల్సిందే.

▣ స్పీడ్ బ్రేకర్‌కూ ఓ కొలత ఉంది

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం గుండ్రటి స్పీడ్ బ్రేకర్ 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో ఎక్కినా బండి ఎగిరిపడకూడదన్నది లెక్క. కాలనీవాసులు రాత్రికి రాత్రి పోయించే సిమెంటు గట్టుకు ఎత్తు ఉంటుంది, వెడల్పు ఉండదు. దాన్ని తప్పించడానికి ఒక చక్రాన్ని అంచు సందులోంచి పోనిచ్చే తెలివి మనకుంది. ఆ తెలివికి మూల్యం చెల్లించేది లింక్ రాడ్డే.

మార్చినా పోని చప్పుడు

బోడుప్పల్‌లో ఉండే ఒక క్యాబ్ డ్రైవర్ లెక్క ఇది. బండి మీద నెలనెలా కిస్తీ. షెడ్డులో ఒక రోజు ఆగితే రిపేరు ఖర్చు ఒకటి, ఆ రోజు కిరాయి పోవడం ఇంకొకటి. అందుకే చప్పుడు మొదలైన నాడు పాటల మోత పెంచాడు. ప్రయాణికులు రేటింగ్ తగ్గించడం మొదలుపెట్టాక షెడ్డుకెళ్లాడు. టైం లేదు, ఏదో ఒకటి మార్చేయమన్నాడు. షాకబ్జర్లు మార్చారు. పోలేదు. వేరే చోట లోయర్ ఆర్మ్‌లు మార్చారు. తగ్గినట్టే ఉండి మళ్లీ వచ్చింది. మూడో చోట, ఇంజన్ మౌంటింగ్ చిరిగి గేరు వేసినప్పుడల్లా ఇంజనే ఎగిరి కొడుతోందని తేలింది. "మొదటి షెడ్ల గంటసేపు ట్రయల్ కొట్టి ఉంటే అయిపోవు అన్నా" అన్నాడు. ఆ గంటకు డబ్బులడిగితే ఇచ్చేవాడివా అని అడిగాను. కాసేపు ఆలోచించి, "ఇయ్యకపోదును" అన్నాడు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మన షెడ్లలో వినడానికి రేటు లేదు. సామాను మీద మిగిలే కమీషనూ, విప్పి బిగించిన కూలీనే సంపాదన. ఊరికే గంటసేపు తిరిగి, చెవి పెట్టి, "నాలుగు వందల సామాను" అని చెప్పే ఉస్తాద్‌కు ఆ రోజు గిట్టుబాటు కాదు. వెతికినందుకు కూలీ విడిగా ఇస్తానని ముందే చెప్పే గిరాకీ ఎప్పుడో గాని రాదని, అలాంటి మనిషి బండి తాను వేరెవరికీ అప్పగించనని నాచారం ఉస్తాద్ అన్నాడు.

సామాను సంగతీ చెప్పుకోవాలి. రాణిగంజ్ సామాన్ల దుకాణాల్లో ఒకే లింక్ రాడ్ నాలుగు ధరల్లో దొరుకుతుంది. కంపెనీ డబ్బాలోది, ఆ కంపెనీకి సరఫరా చేసేవాళ్లే తమ పేరుతో అమ్మేది, పేరున్న వేరే కంపెనీది, పేరే లేనిది. రెండోది చాలాసార్లు మొదటిదానికి తీసిపోదు. నాలుగోది పెట్టించుకుంటే చప్పుడుకు విరామం దొరుకుతుంది, అంతకు మించి ఆశించొద్దు. ఇంకోటి, లింక్ రాడ్ మార్చినంత మాత్రాన వీల్ అలైన్‌మెంట్ అక్కర్లేదు. టై రాడ్ మార్చితే తప్పనిసరి. లోయర్ ఆర్మ్, స్ట్రట్ విప్పినా చేయించుకోవాల్సిందే. చాలా బిల్లుల్లో ఇది తలకిందులుగా కనిపిస్తుంది.

హబ్సిగూడలో ఒక టీచరమ్మ పద్ధతి నాకు నచ్చింది. ఆడవాళ్లు చప్పుడు గురించి చెబితే కొన్ని షెడ్లలో పక్కనున్న మగవాడి వైపు తిరిగి జవాబిస్తారని ఆవిడ ఫిర్యాదు. అందుకని ఫోనులో రాసుకుపోతారు. చలి పొద్దునా, ఎండలోనా. ఎంత వేగం. ఏ పక్కకు మలిపినప్పుడు. ఎంతమంది కూర్చున్నప్పుడు. బ్రేక్ మీద, గేరు మీద, ఖాళీగా దొర్లుతున్నప్పుడు. ఆ చీటీ చదివాక ఎవరూ పక్కకు తిరగడం లేదట.

▣ కంపెనీయే వెనక్కి పిలిచినప్పుడు

2023 జులైలో మారుతి సుజుకీ 87,599 ఎస్-ప్రెసో, ఈకో వాహనాలను వెనక్కి పిలిచింది. స్టీరింగ్ టై రాడ్‌లోని ఒక భాగంలో లోపం ఉండొచ్చని, అరుదుగా అది విరిగే అవకాశం ఉందని చెప్పింది. 2024 ఆగస్టులో 2,555 ఆల్టో కె10 కార్లకు స్టీరింగ్ గేర్‌బాక్స్ విషయంలో అలాంటి పిలుపే ఇచ్చి, మార్చేదాకా నడపొద్దని యజమానులను కోరింది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నవారికి ఈ కబురు చేరకపోవచ్చు. ఛాసిస్ నంబరుతో కంపెనీ దగ్గర వాకబు చేస్తే తేలిపోతుంది. ఇలాంటి మరమ్మతుకు డబ్బు తీసుకోరు.

గ్రీజు కాలం, పారేసే కాలం

అంబాసిడర్ నడిపిన తరానికి ఈ చప్పుళ్లు ఇంత మిస్టరీ కాదు. ముందు చక్రాల కీళ్లకు గ్రీజు నిప్పుళ్లుండేవి. ఎప్పటికప్పుడు గన్ను పెట్టి కొట్టిస్తే పాత గ్రీజు బయటికొచ్చేది, దానితో పాటు కిర్రూ పోయేది. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కింది. దాని ముందు భాగంలో మాక్‌ఫర్సన్ స్ట్రట్. అమెరికా ఇంజనీరు ఎర్ల్ మాక్‌ఫర్సన్ రూపొందించిన ఈ ఏర్పాటు ఫోర్డ్ కార్లతో పేరు తెచ్చుకుంది. స్ప్రింగూ, షాకబ్జరూ, స్టీరింగ్‌తో చక్రం మళ్లే ఇరుసూ అన్నీ ఒకే నిలువు గొట్టంలో. చవక, తేలిక, చోటు కలిసొస్తుంది. ఇవాళ మన రోడ్ల మీది చిన్న కార్లన్నీ దాదాపు ఇదే బాపతు. కీళ్లకు జీవితాంతం సరిపడా గ్రీజు లోపలే పెట్టి మూసేస్తారు. ఎవరి జీవితాంతమో చెప్పరు. 2014 మేలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. గ్రీజు గన్ను ఇప్పుడు నాచారం వచ్చే లారీల దగ్గరే మిగిలింది. కింగ్ పిన్నులు, షేకల్ పిన్నులు, కమాన్ పట్టీలు వాటికింకా ఉన్నాయి. పట్టీ విరిగితే లారీ డ్రైవరు చప్పుడు కన్నా ముందు బండి వాలు చూసి కనిపెడతాడు.

బైకుల వాళ్లకు కోన్ సెట్, అంటే హ్యాండిల్ మెడలోని బేరింగులు, ఒక్కటి గుర్తుంటే చాలు. ముందు బ్రేక్ పట్టి బండిని ముందుకూ వెనక్కీ ఊపితే హ్యాండిల్ కింద టక్‌మంటుందా? ముందు చక్రం లేపి హ్యాండిల్ తిప్పితే నడుమ ఒక గాడిలో పడి ఆగినట్టుందా? అయితే మార్చాల్సిందే.

పదిహేనేళ్ల దాకా అడిగేవాడు లేడు

క్యాబ్, ఆటో, లారీలకు ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. ఎనిమిదేళ్ల వయసు దాకా రెండేళ్లకోసారి, ఆపైన ఏటా. సొంత కారుకు? రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. అప్పటిదాకా పొగ పరీక్ష సర్టిఫికెట్ తప్ప, బాల్ జాయింట్ ఉందా ఊడిందా అని ఎవరూ తప్పనిసరిగా చూడరు. ఉప్పల్ ఆర్టీఏలో నంబరు వేయించుకున్న కారు, మళ్లీ స్టీరింగ్ కీళ్ల పరీక్షకు నిలబడేది పిల్లాడు పుట్టి పదో తరగతికి వచ్చే నాటికి. బ్రిటన్‌లో 1960లో తప్పనిసరి పరీక్ష మొదలైనప్పుడు చూసినవి మూడే: బ్రేకులు, లైట్లు, స్టీరింగ్. మొదట్లో అది పదేళ్లు దాటిన బండ్లకు. ఇప్పుడక్కడ కారుకు మూడేళ్లు నిండితే ఏటా పరీక్ష, అందులో సస్పెన్షన్ కీళ్లన్నీ ఊపి చూస్తారు. మన దగ్గర ఆ పని స్వచ్ఛందం. పండగ ముందు ఊరెళ్లేటప్పుడు గుర్తొస్తే చేయిస్తాం.

పాత కారు కొనేవారికి దీని సెగ బాగా తగులుతుంది. అమ్మేవాడు నున్నటి రోడ్డు మీద చూపిస్తాడు. మీరు నాచారం వెనక గల్లీలోకి తిప్పండి. అద్దాలు దించి, స్టీరింగ్‌ను చివరి దాకా అటూ ఇటూ తిప్పి, ఖాళీ జాగాలో ఎనిమిది ఆకారంలో ఒక చుట్టు కొట్టండి. కొనే ముందు రోజు రాత్రి బుష్‌లకు నూనె పూసి ఉంటే వాసన, తడి చెబుతాయి.

ఇంజన్ నోరు మూసుకున్నాక

ఈమధ్య షెడ్లకు కొత్త రకం ఫిర్యాదులు వస్తున్నాయి. 2020 జనవరిలో నెక్సాన్ ఈవీ వచ్చినప్పటి నుంచి బ్యాటరీ కార్లు పెరుగుతున్నాయి. ఇంజన్ మోత ఉండదు. ఇన్నాళ్లూ ఆ మోత కింద దాగిన ప్రతి బుష్ కిర్రు, ప్రతి టైరు గుయ్ లోపలికి వినిపిస్తుంది. కొందరు లక్షలు పోసి కొన్న కారులో లోపముందని కంగారుపడి వస్తారు. ఉస్తాద్ విని, "ఇది పెట్రోల్ బండిల గూడ ఉంటది సార్, మీకు ఇనవడకపోతుండె" అంటాడు. వాళ్లు నమ్మరు. సగంమంది రెండో అభిప్రాయానికి ఇంకో షెడ్డుకు పోతారు.

బ్యాటరీ బరువు వల్ల ఈ కార్లు అదే సైజు పెట్రోలు కార్ల కన్నా బరువెక్కువ. గుంతలో పడ్డప్పుడు కీళ్ల మీద పడే దెబ్బా ఆ మేరకు ఎక్కువే. ఇంజన్ ఆయిల్ మార్చే పని, క్లచ్ పని, బెల్టుల పని పోతుందని నాచారం ఉస్తాద్‌కు బెంగ ఉంది. సస్పెన్షన్ పని మాత్రం ఎటూ పోదని ధీమా. షెడ్డు బోర్డు మీద కొత్తగా రాయించిన పనుల వరుసలో అందుకే దాన్నే మొదట పెట్టించాడు.